నీళ్లు దిగేదాకా

దేశానికి ఎమర్జెన్సీ వచ్చిన ఏడాదే ఏసుపాదం ఇంటికీ ఎమర్జెన్సీ వచ్చింది. దేశానికి ఎందుకొచ్చిందో రేడియో చెప్పింది. ఏసుపాదం ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పడానికి రేడియో అక్కర్లేదు, వాసన చాలు. సంసారంలో ‘సం’ మా చెల్లికి వదిలేసి ‘సారా’ తను పుచ్చుకున్నాడని అతని బావ ఇశ్రాయేలు ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

ఏసుపాదం బందరు కాలువ మీద, కంకిపాడుకు ఇవతల, ఒక లాకు దగ్గర లస్కరు. కాలువ నీళ్లు ఎగువన ఎత్తుగా, దిగువన పల్లంగా ఉన్నచోట పడవ దూకలేదు కదా! అందుకని మధ్యలో రెండు జతల తలుపులతో ఒక గది కడతారు. పడవ పైతలుపు గుండా గదిలోకి వస్తుంది. వెనక ఆ తలుపు మూసేస్తారు. కింది తలుపు అడుగున ఉన్న తూములు కొద్దికొద్దిగా ఎత్తి నీళ్లు వదులుతారు. నీళ్లతోపాటు పడవా దిగుతుంది. దిగువ నీళ్లతో సమమయ్యాక కింది తలుపు తీస్తారు. ఈ తీయడం, మూయడం ఏసుపాదం ఉద్యోగం. లాకు తలుపులకన్నా సీసా మూతలే ఎక్కువ తీశాడన్నది ఓవర్సీరు గారి ఫిర్యాదు.

పోయిన పంటకాలంలో ఓ మధ్యాహ్నం ఏసుపాదం మత్తులో తూములన్నీ ఒక్కసారిగా ఎత్తేశాడు. గదిలో ఉన్న గడ్డి పడవ ఊగిపోయి, మోకు తెంచుకుని, గోడకు కొట్టుకుని ఒరిగింది. మనుషులకు ఈత వచ్చు కాబట్టి గట్టెక్కారు. గడ్డికి రాదు. “ఇంకోసారి తాగి ఈ లాకు ముట్టుకుంటే ఉద్యోగమూ ఉండదు, క్వార్టర్సూ ఉండదు” అని ఓవర్సీరు తేల్చేశాడు. గట్టుమీది ఆ రెండు గదుల క్వార్టర్స్ తప్ప ఏసుపాదం భార్య మార్తకూ పిల్లలకూ వేరే నీడ లేదు.

ఆ భయానికి ఏసుపాదం ఉన్నపళాన తాగుడు మానేశాడు. మూడోనాటికి చేతులు వణకడం మొదలైంది. గోడమీద చేపలు పాకుతున్నాయంటూ చీపురు పుచ్చుకుని కొట్టబోయాడు. చుట్టుపక్కల వాళ్లు దయ్యమన్నారు. ఇశ్రాయేలు మాత్రం బందరు బస్సును ఆపి, బావను ఎక్కించుకుని బెజవాడ తీసుకుపోయాడు.

ఈ ఇశ్రాయేలు మార్తకు అన్న. కొట్ల మీద, లారీల మీద పేర్లు రాసే పెయింటరు. మాటలకూ రంగులు మార్చేవాడు. జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం, నోటినిండా సోంపు, మాటనిండా వంపు.

సూర్యారావుపేటలో హనుమయ్య గారనే డాక్టరు ఏసుపాదాన్ని చూసి మండిపడ్డాడు.

“ఒక్కసారే ఎందుకు మాన్పించారయ్యా?”

“ఇదేందండీ! తాగితే తప్పంటారు, మానితే తప్పంటారు!” అన్నాడు ఇశ్రాయేలు.

“ఇన్నేళ్లు సారాకి అలవాటుపడ్డ ఒళ్లు. ఒక్కసారి లాగేస్తే ఫిట్స్ వస్తయ్. ప్రాణమూ పోవచ్చు. మేడమీద మంచం ఇస్తాను. రాత్రింబవళ్లు నర్సు కనిపెట్టి ఉంటుంది. వణుకు తగ్గేదాకా మందులు.”

“మందు మానడానికి మందులాండీ?”

“ఈ మందులోకి పకోడీలు ఇవ్వంలే.”

ఇశ్రాయేలుకు తనకు దీటైనవాడు దొరికాడని సంతోషమైంది. అంతలో పక్కనున్న బ్యాంకు గుమాస్తాతో డాక్టరు, “మీరు వారానికోసారి సాయంత్రం అరుగుమీదకి రండి, మాట్లాడుకుందాం” అనడం విని మళ్లీ అందుకున్నాడు.

“ఆయనకి అరుగూ, మా బావకి మేడా? లస్కరు కన్నా బ్యాంకాయన తక్కువాండీ?”

“అవసరాన్ని బట్టి అంతస్తు. మాటతో సరిపోయేవాడికి అరుగు. అది చాలకపోతే కింద హాలు, పగలంతా ఇక్కడుండి సాయంత్రం ఇంటికి పోవడం. ప్రాణం మీదికొస్తే మేడ. కుదుటపడ్డాక ఆ మెట్లే ఒక్కొక్కటీ దిగాలి. మేడమీంచి వీధిలోకి దూకితే కాళ్లు విరుగుతయ్.” డాక్టరు అతని నోటివైపు చూసి, “సోంపు బాగా ఇష్టమల్లే ఉందే మీకు?” అన్నాడు.

“అరుగుదలకండీ.”

“ఊఁ” అన్నాడు డాక్టరు.

వారం పైచిలుకు మేడమీద ఉన్నాక గోడమీది చేపలు వాటి దారిన అవి పోయాయి. ఏసుపాదం అన్నం కలుపుకుని తిన్నాడు. మార్త వచ్చిన రోజు డాక్టరు చెప్పాడు: “ఇంక కిందికి దిగొచ్చు. ఇంటికి తీసుకెళ్లమ్మా. పొద్దున్నే బస్సెక్కించి హాలుకి పంపు. కొన్ని వారాలు అట్టా జరగనీ. తరవాత అరుగు.”

మార్త చెవుల్లో ‘ఇంటికి తీసుకెళ్లమ్మా’ అన్నదాకానే పడింది. తక్కిన మాటలు సంతోషంలో కొట్టుకుపోయాయి.

వాళ్ల పేటలో విడుదల అన్నమాట ఆస్పత్రికీ వాడతారు, పాపానికీ వాడతారు. రెండూ ఒకేసారి దొరికితే ఊరుకుంటారా? కృతజ్ఞత కూడిక పెట్టాల్సిందే. పాస్టరు అబ్రహాము గారు రావాలి, పాటలు పాడాలి, విడుదల పొందినవాడు అందరి ముందూ లేచి ‘నేను పూర్తిగా మానేశాను’ అని సాక్ష్యం చెప్పాలి, ఆ పైన కోడికూర. ఆదివారం ఆరాధన అయ్యాక లాకు గట్టుమీదే కూడికన్నారు. డాక్టరు మాట పూర్తిగా విన్న బావ ఈలోగా తనే బస్సెక్కి రోజూ హాలుకు పోయివస్తున్నాడు కదా, ఆదివారంతో ఆ సరదా తీరిపోతుందని ఇశ్రాయేలు నిర్ణయించేశాడు.

ఏసుపాదానికి మాత్రం అది సరదాగా లేదు. హాల్లో పదిమంది దాకా బెంచీల మీద చుట్టూ కూర్చునేవారు. ‘నిన్న సాయంత్రం ఎట్టా గడిచింది?’ అన్నదే అక్కడి అసలు వైద్యం. ఒకరోజు ఏసుపాదం చెప్పాడు, ఇంటికి పోయే బస్సు సారా కొట్టు ఎదురుగా ఆగితే, తనకు చెప్పకుండానే తన కాళ్లు లేచి నిలబడ్డాయని. ఎవరూ నవ్వలేదు. “నేను అటువైపు సీట్లో కూర్చోనండీ. రెండో వైపు కూర్చుని మనుషుల్ని లెక్కపెట్టుకుంటా” అన్నాడొక వడ్రంగి. మర్నాటి నుంచి ఏసుపాదమూ సీటు మార్చాడు. ఇంట్లో ఈ మాట ఎవరికి చెప్పగలడు? ఇంట్లో అందరూ బాగుపడ్డ ఏసుపాదంతో కాపురం చేస్తున్నారు. పుండు మానడం, తాగుడు మానడం తెలుగులో ఒకటే మాట. రెండిటికీ పైన పక్కు కట్టగానే లోపలా మానిందనుకుంటాం.

శనివారం ఇశ్రాయేలుతో కదిపి చూశాడు.

“బావా, సాక్ష్యం కొన్నాళ్లాగి చెప్తే?”

“కోళ్లు పురమాయించొచ్చాను బావా! అవి ఆగుతయ్యా?”

“మనసింకా లాగతంది.”

“అందుకే చెప్పాలి. పదిమందిలో చెప్పావంటే ఆ మాటకి కట్టుబడి పడుంటావు.”

లోపల్నుంచి మార్త అంది: “చెప్పినాక సోమవారం మళ్లీ ఆస్పత్రికి బోతే జనం ఏమనుకుంటారు? దేవుడు సగమే బాగుచేశాడనుకోరా? ఇంక పోమాకు, నువ్వు నిమ్మళంగా ఉన్నావుగా.”

ఏసుపాదం లోలోపల లెక్క వేసుకున్నాడు. సోమవారం హాలు లేదంటే సాయంత్రాన్ని చెప్పుకునే చోటు లేదు. ఆ తరవాత కాళ్లు లేస్తే కూర్చోబెట్టేవాడు లేడు. కాళ్లు గెలిస్తే, క్వార్టర్స్ ఓడిపోతుంది.

ఆదివారం గట్టుమీద చాపలు పరిచారు. పాటలయ్యాయి. పాస్టరు గారు, “మన సహోదరుడు ఏసుపాదం ఇప్పుడు తన విడుదల గురించి సాక్ష్యం చెబుతాడు” అన్నారో లేదో, ఎగువనుంచి పడవవాళ్ల కేక వినపడింది. ఇటుకల పడవ, లాకు తీయమని. ఏసుపాదం బదులు పనిచేస్తున్న లస్కరు బసవయ్య వెనక చాపమీంచి లేచాడు. అతనికన్నా ముందు ఏసుపాదం లేచాడు.

“తోడొస్తా పద.”

“చూశారా, సాక్ష్యమనేసరికి పరుగు!” అని ఎవరో అంటే జనం నవ్వారు.

పడవ గదిలోకి వచ్చింది. పైతలుపు మూసి, ఏసుపాదం కింది తూము ఒకటి బెత్తెడెత్తాడు. నీళ్లు సన్నగా బుసకొడుతూ దిగుతున్నాయి. ఇశ్రాయేలు పంచె ఎగ్గట్టి పరుగున వచ్చాడు.

“ఏంది బావా ఈ నత్తనడక! తూములన్నీ ఎత్తిపారెయ్. పాస్టరు గారు ప్రార్థనలో ఉన్నారు, ఆయన ముక్కు కూరలో ఉంది!”

“ఎత్తితే పడవ ఒరుగుద్ది.”

“ఇటుకలు కదా, కదలవులే.”

“గడ్డి పడవప్పుడు నేనూ ఇట్టాగే అనుకున్నా బావా.”

ఆ మాట అన్నాక ఏసుపాదం కాసేపు పడవనే చూస్తూ నిలబడ్డాడు. అది పైకాలువలో లేదు, కింది కాలువకూ చేరలేదు. మోకు పట్టుకున్నవాడు కొంచెం కొంచెంగా వదులుతున్నాడు. నీళ్లు సమమయ్యాక తలుపు దూలాన్ని బసవయ్య ఒకవైపు, తనొకవైపు నెడితే అది పెద్ద బలం లేకుండానే తెరుచుకుంది. పడవ వెళ్లిపోయింది.

ఏసుపాదం చేతులు తుడుచుకుని వచ్చి చాపల ముందు నిలబడ్డాడు.

“అందరికీ వందనాలండీ. నేను పూర్తిగా మానలేదండీ.”

మార్త చేతిలో గరిటె ఆగిపోయింది.

“తాగట్లేదు. కానీ మానలేదు. మేడమీద నా వణుకు తీశారు. అది పైతలుపు. ఇప్పుడు నేను గదిలో ఉన్నానండీ, నీళ్లు దిగతన్నయ్. రోజూ సారా కొట్టుకాడ బస్సాగితే నా కాళ్లు లేస్తన్నయ్. హాలుకి పోయి ఆ సంగతి చెప్పుకుంటే మళ్లీ కూర్చుంటన్నయ్. ఆ హాలు చూపించినందుకు దేవునికి స్తోత్రం. అంతవరకే నా సాక్ష్యం. మిగతాది ఇయ్యాళ చెప్పించమాకండి. ఒరుగుతాను.”

‘ఆమెన్’ అందామంటే విషయం పూర్తికాలేదు. చివరికి ముసలి మణెమ్మ నోరు విప్పింది. “మా పెద్దోడు కూడా ఇట్టాగే నిలబడి పూర్తిగా మానేశానన్నాడయ్యా. మళ్లీ తాగాడు. తాగినందుక్కాదు, పదిమందిలో అబద్ధమాడినోణ్ణయ్యానని గుడికీ రాలా, ఇంటికీ రాలా. గదిలో ఉన్నానని చెప్పొచ్చని వాడికి తెలవదు.”

పాస్టరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. “మరి ఏమని ప్రార్థన చెయ్యమంటావు ఏసుపాదం?”

“రేప్పొద్దున బస్సులో సీటు దొరకాలని చెయ్యండయ్యా. కొట్టు కనపడని వైపు.”

పాస్టరు గారు అలాగే చేశారు. ఆ పేటలో ఆర్టీసీ కోసం జరిగిన మొదటి ప్రార్థన అదే అయ్యుంటుంది.

భోజనాల దగ్గర కొందరు మొహం ముడుచుకునే తిన్నారు, అయినా కూర మిగల్లేదు. మార్త మొగుడి ఆకులో అన్నం దబ్బున పడేసింది.

“ఆ కాళ్ల సంగతి నాతో చెప్పగూడదా?”

“ఏడుస్తావని.”

“ఇప్పుడు నవ్వతన్నానా?” అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. “రేపు నేనూ వస్తా. కొట్టువైపు నేను కూర్చుంటా.”

సోమవారం పొద్దున బస్సుకోసం ఇద్దరూ నిలబడి ఉంటే ఇశ్రాయేలు వచ్చాడు. బ్రష్షులు లేవు. సోంపు వాసనా లేదు. ఇన్నాళ్లూ అది కప్పుతూ వచ్చిన సారా వాసన ఆ పూట మార్త ముక్కుదాకా వచ్చింది.

“బావా, ఆ అరుగుమీద చోటుంటుందంటావా?”

“ఎవరికి?”

“తెలిసినాయన. మరీ మేడ ఎక్కేంత కాదులే. పొద్దున కొంచెం చెయ్యి వణుకుద్ది. అక్షరాలు వంకర పోతన్నయ్.”

మార్త ఏదో అనబోయింది. ఏసుపాదం ఆమె చెయ్యి నొక్కి ఆపాడు.

“అరుగో, హాలో, మేడో ఆ డాక్టరు చూసి చెప్తాడు బావా. ఆయన్నే రమ్మను.”

దుమ్ము రేపుకుంటూ బస్సు వచ్చి ఆగింది. ఇశ్రాయేలు ఒక్క వంకర మాటైనా అనకుండా అందరికన్నా ముందు ఎక్కి, కొట్టు కనపడని వైపు తనకూ బావకూ రెండు సీట్లు పట్టాడు.