ఉప్మా లేని శనివారం

శనివారం ఉపవాసంలో ఉప్మా తినవచ్చా అన్న అనుమానం రామ్మోహనరావును ఏళ్ల తరబడి వదల్లేదు. తినవచ్చని పెద్దలే అన్నారు. అన్నం మానేస్తే చాలట. ఆ వెసులుబాటును ఆయన ఎంత భక్తిగా వాడుకున్నాడంటే, శనివారాలు మామూలు రోజులకన్నా నాలుగు ముద్దలు ఎక్కువే లోపలికి వెళ్లేవి.

చిక్కల్లా ఒక మొక్కు దగ్గర వచ్చింది. కూతురు హరిచందనకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి కళ్లు తెరవకపోతే, ఆసుపత్రి వరండాలో నిలబడి, పిల్ల లేచి కూర్చుంటే ఒక్క శనివారం ఉత్త మంచినీళ్లతో పొద్దుగుంకేదాకా ఉంటానని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు. పిల్ల లేచి కూర్చుంది. ఇప్పుడు రామంతాపూర్‌లో ఇంటర్ చదువుతోంది. ఆ ఒక్క శనివారమే ఇంకా రాలేదు. ఒకసారి గ్యాస్ట్రిక్ అడ్డొచ్చింది, ఒకసారి ఆఫీసులో ఆడిట్, ఇంకోసారి పెసరట్టు. ఇన్నేళ్ల ఉప్మాలను స్వామి ఆ మొక్కు కింద జమ వేసుకున్నాడో లేదో ఎవరిని అడగాలో తెలియలేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో, తెలంగాణ ఉద్యమం బందులు లేని రోజు చూసుకుని, నాచారంలోని వాళ్ల మేడమీద గదిలోకి గిర్మా దిగాడు. ఇథియోపియా మనిషి, ముప్పై దాటి ఉంటాయి. ఉప్పల్ రోడ్డులో ఒక పరిశోధన సంస్థకు ఆరు నెలల శిక్షణకు వచ్చాడు. తిండి ఇంటివాళ్లే పెట్టాలని ఏర్పాటు.

మొదటి పొద్దున రామ్మోహనరావు భార్య సుబ్బులు నెయ్యి వేసి దోసెలు పంపింది. అలాగే తిరిగొచ్చాయి. మర్నాడు పెరుగన్నం, ఆ మర్నాడు పాయసం. గిర్మా గుండెమీద చెయ్యి పెట్టుకుని, వంగి, "వద్దమ్మా" అనేవాడు. అతను నేర్చుకున్న మొదటి తెలుగుమాట అదే.

"నా వంట అంత పాపం చేసిందా ఏమండీ? పైకెళ్లి ఒకసారి కనుక్కోండి," అంది సుబ్బులు.

"కొత్త దేశం సుబ్బులూ. సర్దుకోవాలిగా. నేను తెనాలి నుంచి ఇక్కడికొచ్చిన కొత్తలో ఎంత అవస్థ పడ్డానని."

"మా అన్నయ్యగారింట్లో రెండు పూటలా తిని పడుకున్నారు. అదేగా అవస్థ?"

గేటు దగ్గర రామ్మోహనరావును పక్కింటి మొగిలయ్య ఆపాడు. నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేస్తాడు.

"సారూ, మీ కిరాయిదారు ఏం తింటలేడట గదా. జర సూస్కోన్రి, దవాఖానకు తోల్కపోవాల్సొస్తది."

"సర్దుకుంటాడులే మొగిలయ్యా. నేను వెళ్లి చెబుతాను."

"గదీ మాట. తినుడు సంగతి మీకన్న మంచిగ ఎవలు జెప్తరు?"

శుక్రవారం పొద్దున రామ్మోహనరావు ఉప్మా ప్లేటుతో పైకెక్కాడు. పరదేశంలో సర్దుకోవడం గురించి ఆఫీసు ఉత్తరం ధోరణిలో ఇంగ్లీషు ప్రసంగం ఒకటి తయారు చేసుకున్నాడు. కిటికీలో బిడ్డనెత్తుకున్న మేరీమాత పటం ఉంది. గిర్మా ప్రసంగమంతా ఓపిగ్గా విని, అప్పుడు చెప్పాడు. ఈస్టరు వచ్చేదాకా వాళ్లకు ఉపవాసాలు. పాలు, పెరుగు, నెయ్యి ముట్టరు. మధ్యాహ్నం మూడు దాటేదాకా అసలేమీ తినరు. తర్వాత ఉప్పల్ చౌరస్తాలో అరటిపళ్లు, పల్లీలు కొనుక్కుంటున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా?"

"కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే నియమాలు చెబితే అమ్మ బాధపడుతుందనుకున్నాను సర్."

"మరి ఆకలి వేయదా?"

"వేస్తుంది సర్. బాగా వేస్తుంది." గిర్మా నవ్వాడు. "మీకూ ఉపవాసాలున్నాయా?"

"ఉన్నాయి. శనివారం."

"ఆ రోజు ఏం తినరు?"

"అన్నం," అన్నాడు రామ్మోహనరావు. తతిమ్మావి అడిగేలోగా ప్లేటు కండువా చాటున పెట్టుకుని మెట్లు దిగాడు.

ఆ సాయంత్రమే సుబ్బులుకు చెప్పేశాడు. "రేపు మొక్కు తీర్చేస్తాను. పైన అతనూ పస్తే కాబట్టి తోడుంటాడు. సిగ్గుకైనా నిలబడతాను."

శనివారం స్నానం చేసి, నామం పెట్టుకుని, గ్లాసుడు నీళ్లు తాగి కూర్చున్నాడు. ఎనిమిదింటికి గిర్మా తనంతట తానే కిందికొచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. శనివారం, ఆదివారం మాత్రం పొద్దున్నే తినొచ్చట, పాలూ నెయ్యీ లేకపోతే చాలట. నిన్న సార్ తెచ్చింది ఉందా అని అడిగాడు.

సుబ్బులు మొహం వెలిగిపోయింది. నూనెలో పోపు పెట్టి, జీడిపప్పు ధారాళంగా వేసి, అల్లం పచ్చడితో వడ్డించింది. అతిథిని ఒంటరిగా వదలకూడదని రామ్మోహనరావు ఎదురుగా కూర్చోవలసి వచ్చింది. ప్రతి జీడిపప్పూ కళ్లముందే వెళ్లిపోయింది. గిర్మా పచ్చడి ఘాటుకు కళ్లు తుడుచుకుంటూనే "ఇంకొంచెం" అన్నాడు. ఆ మాట సుబ్బులు అప్పటికప్పుడే నేర్పింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. తల దిమ్మెక్కింది. విష్ణు సహస్రనామం మొదలుపెడితే నామాల మధ్యలోంచి ఉప్మా వాసన వచ్చింది.

"ఏంది సారూ, పానం మంచిగ లేదా?" గోడమీంచి మొగిలయ్య అడిగాడు.

"ఉపవాసం."

"అగో, ప్రతి శనారం ఉంటరు గదా. ఈ మొఖం ఎన్నడు సూడలే."

రామ్మోహనరావు గ్లాసెత్తి ఇంకో గుక్క నీళ్లు తాగాడు. ఇవాళ స్వామిని తలచినదానికన్నా తిండిని తలచిందే ఎక్కువ, ఇదైనా లెక్కకొస్తుందా అని కొత్త అనుమానం పుట్టింది. దాన్ని పైకి అనకుండా ఖాళీ కడుపులోనే మోస్తూ కూర్చున్నాడు.

పొద్దు గుంకింది. సుబ్బులు దీపం పెట్టింది. గిర్మా ఇంటినుంచి తెచ్చుకున్న వేయించిన బార్లీ గింజలు గుప్పెడు కాగితంలో పోసుకుని వచ్చాడు. వాళ్లమ్మ వేయించి ఇచ్చిందట. రామ్మోహనరావు వాటిని వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టాడు. ఇది నైవేద్యం అవుతుందా అని ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడు. సగం గిర్మా చేతిలో పోసి, మిగతావి నోట్లో వేసుకున్నాడు. గింజలు రాళ్లలా ఉన్నాయి; మొదటి గుక్కకే ఒక పన్ను కదిలింది. హరిచందన వచ్చి పక్కన కూర్చుని ఒకటి నమిలి చూసింది. కదులుతున్న పన్నును నాలుకతో పట్టుకుని, రామ్మోహనరావు ఆ పాత మొక్కును చివరి గింజదాకా నమిలి తీర్చాడు.