రెండు డిస్కులు, ఒక మేలుకొలుపు

నేను ఒక నల్లటి పెట్టెను. లోపల రెండు డిస్కులు, వెనక గాలి లాగే చిన్న పంకా. ఇంటి వీడియోలన్నీ నాలో దాచుకుని టీవీలో చూసుకోవచ్చు. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు గానీ, నాకు బొట్టు పెట్టింది మాత్రం రాజమండ్రి రంగమన్నారు గారు.

ఆయన పాతికేళ్లుగా కోవెల ఉత్సవాలన్నీ కెమెరాతో పట్టారు. మూడు వందల క్యాసెట్లు. ఒకదానిలో ఆయన భార్య ఆండాళమ్మ గారు మేలుకొలుపు పాడారు. గొంతుకు ఆపరేషనయ్యాక ఆవిడకు గుసగుసే మిగిలింది. పాత గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్లోనే.

"రెండు డిస్కుల్లోనూ ఒకటే దాచమంటారా, వేరువేరుగానా?" అని నన్ను అమ్మిన కొట్టాయన అడిగాడు. "ఒకటే అయితే ఒకటి పాడైనా రెండోది ఉంటుందండి. చోటు మాత్రం సగమే."

"దేవుడి వీడియోలండీ. ఎందుకు పాడవుతాయి? వేరువేరుగానే పెట్టండి."

"దేవుడికే మూలవిరాట్టూ ఉత్సవమూర్తీ ఇద్దరున్నారు. నా పాటకి రెండోది ఉండకూడదేంటండీ?" అని ఆవిడ గుసగుసగా అన్నారు.

"నీకన్నీ వేళాకోళాలే!"

అన్నీ నాలోకి ఎక్కించాక, స్వామి ఉన్న క్యాసెట్లను చెత్తలో వేయడానికి ఆయనకు చేతులు రాలేదు. వాడిన పూలదండల్లా మూటకట్టి గోదావరిలో కలిపి, దణ్ణం పెట్టి వచ్చారు. నన్ను పూజగదిలో కూర్చోబెట్టారు. రెండు పూటలా సాంబ్రాణి. ఆ పొగంతా నా పంకా లోపలికి లాగింది. భక్తితో వేసిన పొగ కదా, ఎవరిని తప్పుపట్టను?

నేనొచ్చిన పదో నెలలో ఒక డిస్కు ఆగిపోయింది. సగం ఉత్సవాలతో పాటు మేలుకొలుపూ పోయింది. బాగుచేసేవాళ్లు ముగ్గురు చూసి పెదవి విరిచారు.

"తప్పు చేశానే ఆండాళూ," అన్నారాయన. లోపలికెళ్లి కెమెరా తెచ్చారు. "ఇప్పుడు పాడు."

"ఈ గొంతుతోనా? స్వామి లేచి పారిపోతాడు."

"పోతే పోనీ, నేను కూర్చుంటాగా."

ఆవిడ నవ్వి, పాడారు. పాట అనడం కన్నా ఊపిరి అనాలి. కొత్త డిస్కు వేయించి, ఈసారి రెండింటిలోనూ దాచమన్నారు. నన్ను హాల్లోకి మార్చారు.

రోజూ పొద్దున్నే ఆయన టీవీకి చెవి ఆనించి ఆ గుసగుస వింటారు. నా పంకా మోత అడ్డం వస్తోందని విసుక్కుంటారు. చక్కటి గొంతు పది నెలలు నాలో ఉంది. ఏ వీడియో ఎన్నిసార్లు చూశారో నాకు తెలుస్తుంది. దాన్ని ఆయన ఒక్కసారీ పెట్టుకుని వినలేదు.