మూడో ఏడాది పని

మీటింగు మూడింటికి. సంతకాలు మాత్రం పొద్దున పదింటికే మొదలయ్యాయి. ఆ ప్రభుత్వ హైస్కూల్లో అదే ఆనవాయితీ. రాబోయే అయిదేళ్లలో బడికి ఏమేం కావాలో అందరినీ కూర్చోబెట్టి అడగాలని పైనుంచి ఉత్తర్వు. అందరూ ఏమన్నారో గుమాస్తా ముందురోజే టైపు చేసి పెట్టేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ కాగితాలు పట్టుకుని గదిగదికీ తిరిగేది ఆయమ్మ. ఇరవై ఏడేళ్లుగా గంట కొట్టేదీ, మంచినీళ్లు నింపేదీ, మెట్లు ఊడ్చేదీ ఆవిడే.

కాగితంలో ఆఖరి గీత ఆవిడది. 'బోధనేతర సిబ్బంది ప్రతినిధి' అని ఉంటుంది. ఇదివరకు అయిదుసార్లు అక్కడ సంతకం పెట్టింది. కుర్చీలు సరిపోతాయా అని తప్ప ఏ ఒక్కసారీ ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

"అందరివీ అయ్యాయి, నీదొక్కటే ఖాళీ. పెట్టెయ్ ఆయమ్మా," అన్నాడు గుమాస్తా.

"మీటింగయ్యాక పెడతా బాబూ."

గుమాస్తా కళ్లజోడు పైకి తోసి ఆవిడ వంక ఎగాదిగా చూశాడు. అతని సర్వీసులో అలాంటి మాట వినడం అదే మొదలు.

పదో తరగతి పై అంతస్తులో ఉంది. ఇరవై రెండు మెట్లు. చేతిలో కాగితం తప్ప ఏమీ లేకపోయినా ఆయమ్మ ఆ మెట్లు వంగే ఎక్కుతుంది. వీపు మీద ఇంకా ఒక పిల్ల ఉన్నట్టే ఉంటుంది. చంకకర్రలతో నడిచే ఆ పదో తరగతి పిల్లను ఏడు నెలలు రోజూ ఇలాగే మోసుకెళ్లింది. మెడచుట్టూ రెండు చేతులూ వేసి, "దెయ్యంలా పట్టుకున్నా ఆయమ్మా, ఇంక వదలను," అని చెవిలో నవ్వేది. అయిదేళ్ల కిందట ఒకరోజు ప్రణాళిక నకళ్లు ఇచ్చి రమ్మని ఆయమ్మను పెద్దాఫీసుకు పంపారు. ఆ పూట ఆ పిల్ల ఒంటరిగా ఎక్కబోయి పడింది. తుంటి ఎముక విరిగింది. మంచం దిగలేదు, ఆర్నెల్లకు అసలు లేకుండానే పోయింది. ఆ రోజు ఆయమ్మ సంచిలో ఉన్న కాగితాల్లో బడికి లిఫ్టు కావాలని రాసి ఉంది. అంతకు ముందు ప్రణాళికల్లోనూ అదే రాశారు.

లిఫ్టు అక్కర్లేని ఉపాయం ఆయమ్మకు అప్పటికే తట్టింది. ఆ ఏటి మీటింగులో నోరు పెగల్లేదు. పెద్ద చదువులు చదివినవాళ్ల మధ్య తనెంత, తన మాటెంత అనుకుంది. ఆ మౌనం ఇప్పటికీ ఆవిణ్ణి పీక్కుతింటోంది.

ఈ నెలాఖరుకు ఆవిడ రిటైరు. వేసవి సెలవులయ్యాక, కింద తొమ్మిదో తరగతిలో ఉన్న చక్రాల కుర్చీ పిల్ల పైన పదిలోకి వస్తుంది.

అందుకే పొద్దున ఛాతీ పట్టేసినట్టున్నా ఆగలేదు. బస్సు డ్రైవరుగా రిటైరైన మొగుడు బామ్ రాస్తూ గొణిగాడు.

"ఇవాళ సెలవు పెట్టవే. నువ్వు లేకపోతే కుర్చీలు వెయ్యలేరా వాళ్లు?"

"కుర్చీల కోసం కాదయ్యా. ఇవాళ మాట్లాడాలి."

"నువ్వా!" అని నవ్వాడాయన. అన్నం డబ్బా మాత్రం తనే కట్టి ఇచ్చాడు.

మూడింటికి హెడ్మాస్టరమ్మ కాగితాలు చదవడం మొదలుపెట్టింది. ఆవిడ ఈ బడికొచ్చి రెండేళ్లు. చెడ్డ మనిషి కాదు, అలిసిపోయిన మనిషి. చదవడం అయ్యాక, "ఇంకెవరైనా ఏమైనా చెప్తారా?" అంది. అప్పటికే సగంమంది సంచులు భుజాన వేసుకున్నారు.

తలుపు పక్కనుంచి ఆయమ్మ లేచి నిలబడింది.

"మేడమ్, లిఫ్టు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. మీ గదీ ఆఫీసూ పైకి పోతే పదో తరగతి కిందికొస్తుంది. ఖర్చేం లేదు. మీకు కాళ్లున్నాయి కదమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వి, తోడు రాకపోయేసరికి ఆపేశారు. హెడ్మాస్టరమ్మ ముఖం ఎర్రబడింది.

"మంచి మాటే ఆయమ్మా. కానీ బీరువాలు, కంప్యూటర్లు, వైర్లు... ఎవరైనా పెద్దవాళ్లు తనిఖీకొస్తే మేడెక్కమంటామా?" గుమాస్తా వైపు తిరిగింది. "మూడో ఏడాది పనుల్లో చేర్చండి."

"మూడో ఏడాదికి ఆ పిల్ల బళ్లో ఉండదు కదమ్మా."

గుమాస్తా కాగితం ముందుకు జరిపాడు. ఆయమ్మ సంతకం పెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగున్నరకు గంట కొట్టింది. పిల్లలు, పంతుళ్లు, ఆఖరున హెడ్మాస్టరమ్మ వెళ్లిపోయారు. ఆయమ్మ కిటికీలన్నీ మూసి, ఇంటికి బయల్దేరాల్సింది పోయి మేడెక్కింది. పదో తరగతి ముందు వరసలో పొట్టి బెంచీ ఒకటి ఉంది. దాన్ని గుమ్మం దాటించింది. తను ముందు ఒక మెట్టు దిగి, బెంచీని ఛాతీకి ఆనించుకుని, ఇంకో మెట్టు దిగి, ఇరవై రెండు మెట్లూ అలాగే దించింది. హెడ్మాస్టరమ్మ గది ముందు వరండాలో పెట్టి, అటూ ఇటూ జరిపి, చేతులతో కొలిచి చూసుకుంది. కాస్త ఆయాసం తీరాక రెండోది తెద్దామని దాని మీద కూర్చుంది. ఆయాసం తీరలేదు.

ఆరింటికి మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. నిద్రపోతోందనుకున్నాడు. ఎంత అలిసిపోయిందో, కాసేపాగి లేపుదాంలే అని పక్కనే కూర్చున్నాడు.

సంతాపం సెలవు అయ్యాక బడి తెరిచారు. హెడ్మాస్టరమ్మ తాళంచెవి పట్టుకుని వరండాలో నిలబడిపోయింది.

"ఈ బెంచీని పైకి పంపించమంటారా మేడమ్?" అని గుమాస్తా మెల్లగా అడిగాడు.

బెంచీ హెడ్మాస్టరమ్మ గది తలుపుకు ఎదురుగా ఉంది, గోడకూ దానికీ మధ్య చక్రాల కుర్చీ ఒకటి సరిగ్గా పట్టేంత జాగా వదిలి.