తూటాల గది

లెక్కల టీచరమ్మ వాళ్ళమ్మ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. శుక్రవారం ఇంటికి తీసుకెళ్ళండని డాక్టరు చెప్పేశాడు. ఆవిడ మెట్లెక్కలేదు, కాబట్టి కింది గది ఖాళీ కావాలి. ఆ గదిలో మంచం పట్టే చోటంతా తూటాలున్నాయి.

టీచరమ్మ భర్త బీమా ఆఫీసులో గుమాస్తా. సైన్యం ఎప్పుడో వాడి మానేసిన ఒక మెషిన్ గన్ తూటా చరిత్ర రాస్తున్నాడు. సెలవు దొరికితే చాలు, పాత సామాన్ల కొట్లు గాలించి మందులేని ఖాళీ తూటాలు ఏరుకొస్తాడు. ఆమె కంటికి అన్నీ ఒకటే. ఆయనకు మాత్రం అడుగున కొట్టిన ముద్ర వేరు, అంచు మందం వేరు, పుట్టిన ఏడాది వేరు. చుట్టాలు చాటుగా ఆయన్ని తూటారావు అంటారు. ఆయన తూటాల మాటెత్తగానే ఇంటికొచ్చిన వాళ్ళకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

గది సంగతి చెబితే అలాగేనన్నాడు. మర్నాడు చూస్తే చేతులకు నూలు తొడుగులు వేసుకుని, ఒక్కో తూటానూ వెలుతురులో తిప్పి చూసి, మురిసిపోయి, తీరిగ్గా కాగితంలో చుడుతున్నాడు. చేతి చెమట తగిలితే ఇత్తడి మచ్చపడుతుందట. ఆ లెక్కన అమ్మకు ఎముక అతుక్కుని, నడకొచ్చి, తిరిగి వెళ్ళిపోయేదాకా గది ఖాళీ కాదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

నిలదీస్తే నొచ్చుకున్నాడు. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలిందనీ, తూటాల వరస చెదిరితే తన ఆలోచనా చెదిరిపోతుందనీ అన్నాడు. ఆ అధ్యాయం గోడు ఆమెకు తెలియనిదా! ఆ తూటాను ఒకే ఒక్క రకం మెషిన్ గన్ కోసం తయారుచేశారు. గన్ మూలపడింది, తూటాలు గుట్టలుగా మిగిలాయి. పారేయడమెందుకని వాటికి సరిపడే కొత్త గన్ చేయించారు. కొత్త గన్ ఆకలికి ఉన్నవి చాలక మళ్ళీ తూటాలు చేయించారు. ఈ తంతు ఏళ్ళ తరబడి సాగి, ఒకనాడు హఠాత్తుగా ఆగిపోయింది. ఎందుకాగిందో ఆయనకు ఎక్కడా దొరకలేదు. పుస్తకమూ అక్కడే ఆగింది.

తమ గది కథా అదేనని ఆమెకు అనిపించింది. తూటాలకు చోటు లేదని బీరువా కొన్నాడు, బీరువాలో చోటుందని ఇంకా తూటాలు తెచ్చాడు.

"ఎందుకాగిందో నేను చెప్పనా?" అంది. "ఆ తూటాలు దాచిన గోడౌన్ ఎవరికో అవసరమైంది. ఎవరి అమ్మకో తుంటి విరిగుంటుంది."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "వినడానికి బాగానే ఉంది. ఆధారం కావాలి కదా," అన్నాడు.

ఆమె విసవిసా వెళ్ళి ఒక పెట్టెను ఉత్త చేతులతో ఎత్తింది. లోపల తూటాలు గలగలమన్నాయి. ఆయనకు ప్రాణం పోయినంత పనైంది. పరుగున వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. పట్టుకున్నాక వదలడానికి లేదు, వదిలితే ఒలికిపోతాయి. అలా ఒక్కో పెట్టె మోసి తమ మంచం కిందా, అటక మీదా, బియ్యం డబ్బా వెనకా కుక్కారు. ఆమె గది తుడుస్తుంటే ఆయన గుమ్మంలో మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆమెకు జాలేసింది. జాలేసినందుకు తనమీదే కోపమొచ్చింది.

శుక్రవారం అమ్మ వచ్చింది. దిండ్లకు ఆనుకుని కుదురుకున్నాక, కిటికీ గట్టు మీద మిగిలిపోయిన ఒక తూటాను ఉత్త చేత్తోనే తీసుకుంది.

"ఏమిటి అల్లుడుగారూ ఇది?"

టీచరమ్మ గతుక్కుమంది. మాట మార్చబోయేలోగా ఆయన కుర్చీ లాక్కున్నాడు. అమ్మ వేళ్ళ చెమట ఇత్తడికి అంటుతున్నా పట్టించుకోలేదు.

"పెద్ద కథండీ అత్తయ్యగారూ," అన్నాడు బెరుకుగా. "మీకు విసుగేస్తుందేమో."

"చెప్పండి బాబూ. లేచి వెళ్ళే వీలు నాకెక్కడుంది?"

టీచరమ్మ తల కొట్టుకుంటూ వంటింట్లోకి పోయింది. టీ కాగేసరికి ఆయన ఇంకా మొదటి గన్ దగ్గరే ఉన్నాడు. అమ్మ "తర్వాత?" అని అడగడం వినిపించింది. కాసేపటికి మళ్ళీ "తర్వాత?" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను ఆయన్ని ఆ మాట ఒక్కసారీ అడగలేదు.

ఆమె పొయ్యి కట్టేసి, విసుక్కుంటూనే ఇంకో కుర్చీ మోసుకెళ్ళింది.