కొయ్య పాదాలు

మా ఆయన జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్న నెలరోజులూ చెప్పుల కొట్టు మా అబ్బాయే చూశాడు. వాడికి నిదానమన్నది పుట్టుకతోనే లేదు. వాళ్ళ నాన్న వాణ్ణి తొందరయ్యా అనే పిలిచేవాడు. కుట్టి ఉంచిన జోళ్ళన్నీ అమ్ముడుపోయాయి, కొత్తవి కుడదామంటే తోలు లేదు. ఆయన తిరిగొచ్చేసరికి కొట్టు మూతపడి ఉంటుందేమోనని మా ఇద్దరికీ ఒకటే బెంగ.

అప్పుడే హోటల్ గోడలకి అలంకారాలు ఏరుకునే మనిషొకడు వచ్చాడు. మా గోడ నిండా వేలాడే కొయ్య పాదాలు చూసి ఆగిపోయాడు. మా ఆయన ఒక్కొక్కరి కాలూ కొలిచి, అచ్చం అలాగే కొయ్య చెక్కి, దానిమీద తోలు బిగించి జోడు కుట్టేవాడు. నలభై ఏళ్ళ చెక్కుడు అది.

“అన్నీ ఇచ్చేయండి. నేనిచ్చే డబ్బుతో కొట్టు నిండా తోలు వస్తుంది,” అన్నాడతను.

“మీ నాన్నని ఒక్కమాట అడగరా,” అన్నాను.

“మంచంమీదున్న మనిషిని కొయ్యముక్కల గురించి అడగనా? జోళ్ళు అమ్మి తోలు తేవడంలేదూ? ఇదీ అంతేనమ్మా!”

నాకూ అదే నిజమనిపించింది. ఎవరినో అనడమెందుకు, పాత చీరల్లో మూటలు కట్టిందాన్ని నేనే.

ఆయన వచ్చాడు. తోలు వేళ్ళతో నలిపి చూసి, “ఫరవాలేదురా, మంచి సరుకే తెచ్చావు,” అన్నాడు. వాడి మొహం వెలిగిపోయింది. తర్వాత ఆయన తలెత్తాడు. గోడకి మేకులే ఉన్నాయి.

“ఇప్పుడు దేనిమీద కుట్టమంటావు?”

“మళ్ళీ కొందాం నాన్నా…”

“తోలైతే బజారులో దొరుకుతుంది. అవెక్కడ దొరుకుతాయి? పాలు అమ్ముకోమన్నానుగానీ పాడిగేదెనే తోలెయ్యమన్నానట్రా?”

ఇంతలో పంతులమ్మ వచ్చింది. ఒక కాలు పొట్టి ఆవిడకి. పదహారో ఏటి నుంచీ మా జోళ్ళే.

“పెద్దాయనా, జోడు మడమ పూర్తిగా ఊడింది, ఇక అతకదు. కొత్తది కుట్టండి. పాత కొలతే, ఎల్లుండికి ఇచ్చేస్తారుగా?”

ఆయన ఆవిణ్ణి కూర్చోబెట్టి, కాగితంమీద పాదం పెట్టించి గీత గీశాడు.

“కొత్తగా చెక్కాలమ్మా. కొయ్య ఆరడానికే రెండు నెలలు ఆగాలి.”

“రెండు నెలలా! అందాకా బడికెలా వెళ్ళను?”

ఆవిడ ఊడిన జోడు చేత్తో పట్టుకుని, గోడ ఆసరాతో మెట్లు దిగి వెళ్ళింది.