పాతరలో వెలుతురు

ఫోన్ మోగినప్పుడు ఆమని చేతిలో పప్పుగుత్తి ఉంది. ఫోన్ పెట్టేసి, ఆ పప్పుగుత్తితోనే వంటింట్లో గిర్రున తిరిగింది. ఖానాపూర్ దగ్గర తమ పత్తిచేలో ఒక పాటిదిబ్బ ఉంది. ఎప్పుడో జనం వదిలేసిపోయిన ఊరు అది. ఆమె పంపిన కుండపెంకుల ఫోటోలు చూసి, తవ్వకాల అధికారులు వచ్చేవారం వస్తున్నారట!

"బావా, మన దిబ్బకు చుట్టాలొస్తున్నరు!"

పెళ్ళై నెల దాటలేదు. శరత్‌చంద్ర నవ్వితే చాలు, ఆమెకు పండుగే.

"మొన్నటి వానకు దిబ్బమీద బండ జారింది. కింద జొన్నల పాతరున్నట్టుంది. చూద్దాం పా," అన్నాడతను.

పత్తి ఏరేవాళ్ళ దగ్గరికి తానూ బయల్దేరుతూ అత్త రాధాబాయి సద్దిసంచిలో ప్రమిద, నూనెసీసా పెట్టింది. "దీపం దించి చూడున్రి. ఆరిందంటే లోపల గాలి మంచిగ లేనట్టు. దిగకున్రి."

దిబ్బమీద విరిగిన తిరగలి, బూడిదరంగు మన్ను, ఎవరిదో వాకిలి అరుగు. బండ జారినచోట పాతర నోరు నల్లగా తెరుచుకుని ఉంది. ఆమని మోకు ఒక కొసను తుమ్మచెట్టుకు కట్టి, ఇంకో కొసను మొగుడి నడుముకు చుట్టింది.

"కొత్త పెండ్లికొడుకువి. ఎటన్న పారిపోతవ్."

బకెట్లో పెట్టి దించిన దీపం సగంలోనే ఆరింది. మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఆరింది.

"గాలికి ఆరుతుంది," అన్నాడు శరత్. "గిదుండగ దీపమెందుకు?" ఫోన్ టార్చి వేసి, గోడకున్న గుంటల్లో కాళ్ళు పెట్టుకుంటూ దిగాడు. నిజమే, ఆ వెలుతురు రెపరెపలాడనైనా లేదు. ఆమనికి ధైర్యం వచ్చింది.

"ఆమనీ, గోడకు మట్టిపూత ఎంత నున్నగుందో! వేళ్ళ గీతలు గూడ..." గొంతు బరువెక్కింది. "జర... తల..."

"బావా, పరేషాన్ చెయ్యకు."

వంగి చూసింది. అడుగున తెల్లటి వెలుతురు కదలకుండా వెలుగుతోంది. అందులో అతని చెయ్యి వెల్లకిలా పడి ఉంది. అప్పుడర్థమైంది ఆమనికి, ఆ వెలుతురుకు ఊపిరి అక్కర్లేదని.

ఆమె కాలు పాతర అంచు మీదికి వెళ్ళింది. దూకబోయింది. పాదానికి మోకు తగిలింది.

"అత్తమ్మా!"

అరుస్తూనే లాగింది. గాజులు పగిలాయి. కిందున్న బరువు కదల్లేదు. ఒళ్ళోని పత్తి పారబోసి రాధాబాయి, వెనకే కూలి ఆడవాళ్ళు పరుగెత్తి వచ్చారు. అందరూ పట్టి లాగితే శరత్ పైకొచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కకు తిప్పి రాధాబాయి వీపు మీద చరిచింది. ఆమని అతని ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఏమీ తగల్లేదు. ఊరు లేచిపోయిన ఆ దిబ్బమీద ఒక్క పిట్టైనా కూయలేదు.

దగ్గాడు.

"దీపం ఆరలేదా, కొడుకా?" రాధాబాయి ఏడుస్తూ అడిగింది.

"ఆరిందత్తమ్మా. రెండుమార్లు," అంది ఆమని తల దించుకుని.

"నా ఫోను..." శరత్ గొణిగాడు.

"మాట్లాడినవంటే కొడ్త!" అతని చెయ్యి మాత్రం వదల్లేదు. పాతరలో ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె అటు చూడలేకపోయింది.

"ముందు దవాఖానకు పోదాం. రేపు పొద్దుగాల్ల ముళ్ళకంప కొట్టి దీని చుట్టు దడి కడుదాం, అత్తమ్మా. ఆఫీసర్లొచ్చినా సరే, దీపం నేనే దించుత. అది ఆరితే ఎవ్వల్నీ దిగనియ్య."