పుస్తకంలో నాలుగు

నా చదువు ఎనిమిదిలో ఆగింది. అందుకే ఈ పరిశోధన కేంద్రంలో నాకిచ్చిన పని కళ్ళున్న ఎవడైనా చెయ్యగలడు. చల్లగదిలో థర్మామీటరు చూడటం, పుస్తకంలో అంకె వెయ్యడం. నాలుగు డిగ్రీలు. పన్నెండేళ్ళుగా అదే నాలుగు. చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలీదు, వెయ్యడం మాత్రం మానలేదు.

ఆ గది వాడేది ఒక్క పరిశోధక అమ్మాయే. నన్ను బాబాయ్ అనేది. తను అక్కడ పెట్టే గాజు ప్లేట్లలో ఏముందని ఒకసారి అడిగాను.

"హార్మోన్ తెచ్చిన కబురుని కణం లోపలికి చేరవేసే ప్రోటీన్ బాబాయ్. దాని ఆకారం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. స్ఫటికంగా మారిస్తే ఎక్స్‌రేలతో పట్టొచ్చు."

"అంటే మా జాతే. గుమ్మం దగ్గర కబురందుకుని లోపలికి మొయ్యడం. మమ్మల్నీ ఎవరూ చూళ్ళేదులే."

నవ్వింది. నేను నవ్వుతాలుకి అనలేదు.

మూడేళ్ళు తంటాలు పడ్డాక ఒక ప్లేటులోని చుక్కలో స్ఫటికాలొచ్చాయి. సూదిమొనంత. ఎక్స్‌రేకి చాలవు. పెద్దవి కావాలని మళ్ళీ పెట్టింది. అవే మందులు, అవే కొలతలు, అవే నాలుగు డిగ్రీలు. నాలుగు నెలలైనా ఒక్కటంటే ఒక్కటి రాలేదు. పెద్దసారు నడవాలో అందరి ముందూ అడిగేశాడు: "అసలు వచ్చాయా, వచ్చాయనుకున్నావా?" నెలాఖరుకి చూపించకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడట.

మళ్ళీ ఎందుకు రావట్లేదో నాకు తెలుసు. స్ఫటికాలొచ్చిన వారం శని, ఆదివారాలు డ్యూటీ ఎగ్గొట్టి ఇంట్లో పడుకున్నాను. సోమవారం వచ్చి చూస్తే గదిని చల్లబరిచే మోటారు ఆగిపోయి ఉంది, థర్మామీటరు ముల్లు పద్నాలుగు మీద ఉంది. మోటారు వేసి, పుస్తకంలో రెండు నాలుగులు గీకేశాను.

చెబితే ఉద్యోగం ఊడుతుంది. యాభైకి దగ్గరపడ్డవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? రెండు రోజులు నోరు కట్టేసుకున్నాను. మూడో రోజు తను ప్లేట్లన్నీ చెత్తడబ్బాలో వేస్తుంటే ఆగలేకపోయాను.

"అమ్మాయ్, అవి వచ్చిన వారం మోటారు ఆగింది. గది పద్నాలుగుకి ఎక్కింది. పుస్తకంలో నేను రాసింది అబద్ధం."

చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టేసింది.

"అయితే అవి వచ్చింది ఆ వేడికే. ఎంత మెల్లగా ఎక్కింది?"

"చూళ్ళేదు."

"నాలుగు నెలలు," అంది. అంతే. బాబాయ్ అనలేదు.

శనివారం పొద్దున్నే కొత్త ప్లేట్లు పెట్టి, మోటారు తనే ఆపింది. థర్మామీటరు ముందు స్టూలు వేసుకుని రెండు రోజులూ గంటగంటకీ రాశాను. నాలుగు. నాలుగున్నర. అయిదు. ఆ పుస్తకంలో నాలుగు కాని అంకె వెయ్యడం నాకదే మొదటిసారి.

సోమవారం మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే, "వచ్చాయి. ఈసారి పెద్దవి," అంది.

పెద్దసారుకి చూపించడానికి నా పుస్తకం కూడా తీసుకుంది. ఆ రెండు దొంగ నాలుగులున్న పేజీ అందులోనే ఉంది. చింపుదామనుకున్నాను, చింపలేదు. ఇక నా సంగతి ఆయన ఇష్టం.

గుమ్మం దాకా వెళ్ళిన మనిషి వెనక్కి వచ్చింది. నేను చివర రాసిన పద్నాలుగుని, వంగి థర్మామీటరుతో సరిచూసుకుని మరీ వెళ్ళింది.